ఏడుపు కొలిచిన ఆసుపత్రి

ఒక పెద్ద అడవిలో, వాగు పక్కనున్న గుహలో, ఒక ఆసుపత్రి ఉండేది. డాక్టరు తాయారమ్మ అనే కొండముచ్చు. పన్ను పీకాలన్నా, విరిగిన కాలు సర్దాలన్నా ఆవిడ ముందు మత్తు పసరు తాగించేది. రోగి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, లేచేసరికి పని అయిపోయేది.

ఆ ఏడు వానల్లేక పసరు తీగ సగం ఎండిపోయింది. అడవి సభ కూర్చుంది. అధ్యక్షుడు చిరుత శూరప్పగారు గంభీరంగా గొంతు సవరించుకున్నారు.

"నిజంగా నొప్పి ఉన్నవాళ్ళకే పసరు!"

"నిజమో కాదో తెలిసేదెట్లా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

కార్యదర్శి ముంగిస ముక్తేశ్వరం అప్పటికే కాగితం రాసుకొచ్చాడు. "ఎంత నొప్పో అంత ఏడుపు. గుమ్మంలో తీతువు పిట్టను కూర్చోబెడదాం. పదికి మార్కులు వేస్తుంది. ఏడు దాటితే పసరు, దాటకపోతే ఇంటికి."

శూరప్పగారు చదవకుండానే పంజా ముద్ర వేశారు.

సరిగ్గా ఆ వారమే అడవిపిల్లి బూడిదమ్మకు దవడ పన్ను పుచ్చింది. నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు. ఎలుక ఒకటి మూతి ముందునుంచే నడిచి వెళితే చూస్తూ ఊరుకుంది. పొదలో ఇద్దరు పిల్లలు పాలకోసం వెతుక్కుంటున్నారు, పాలేమో తగ్గిపోతున్నాయి. ఇక లాభం లేదనుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

వరసలో ఆమె ముందు రేచుకుక్క దండోరా ఉన్నాడు. కాలిలో తుమ్మ ముల్లు గుచ్చుకుంది. అది కూడా దారిలోనే ఊడిపోయింది.

"ఓయమ్మో! చచ్చాన్రో!" అని దండోరా ఎత్తుకునేసరికి కొండ అవతల జింకలు పరిగెత్తాయి.

"పదికి పది," అంది తీతువు. "తరువాత?"

బూడిదమ్మ ముందుకొచ్చింది. ఏడవడం ఆమెకు రాదు. ఏడిస్తే ఎక్కడున్నామో దుమ్ములగొండికి చెప్పినట్టేనని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది. అయినా ప్రయత్నించింది. గొంతులోంచి 'గుర్ గుర్' అని మాత్రం వచ్చింది. పిల్లులకు నొప్పి మితిమీరినా ఆ చప్పుడే వస్తుంది.

తీతువు రాసుకుంది: "సున్నా. రోగి ఆనందంగా ఉంది."

తాయారమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఆమె వీపు చూడండి, గూని పెట్టి కూర్చుంది. కళ్ళు సగం మూసింది. ఒళ్ళు నాక్కుని ఎన్నాళ్ళైందో! పిల్లి నొప్పి అలాగే ఉంటుందయ్యా!"

"ఫారంలో గూనికి గడి లేదమ్మా," అన్నాడు ముక్తేశ్వరం. "పోనీ, మత్తు లేకుండా పీకేయండి. అప్పుడెలాగూ ఏడుస్తుంది. మార్కులు వేసి పసరు మంజూరు చేస్తాం."

"పీకాక పసరెందుకు? నేనలా పీకను," అని తాయారమ్మ చేతులు కట్టుకుంది.

బూడిదమ్మ గుహ మూలకు జరిగి కూర్చుంది. ఇంటికి వెళ్ళి పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదు.

రాత్రిళ్ళు పొదకు పోయి పిల్లలకు ఉన్న కాసిని పాలిచ్చి, తెల్లారేసరికి మళ్ళీ వచ్చి అక్కడినుంచే తమాషా అంతా చూసింది. మూడు రోజుల్లో దండోరా ఏడుపు శిక్షణ కేంద్రం తెరిచాడు. కుందేళ్ళు, నక్కలు, ఏ జబ్బూ లేని అడవిపంది కూడా నేర్చుకొచ్చి గుమ్మంలో బావురుమన్నారు. పసరు తాగి హాయిగా నిద్రపోయారు. కుండలో పసరు అడుగంటింది.

నాలుగోరోజు శూరప్పగారు వచ్చారు. పంజాలో ముళ్ళపంది ముల్లు విరిగి చీము పట్టింది. ఆయన కుంటలేదు. హుందాగా నడిచి వచ్చారు.

"అయ్యా, కాస్త ఏడవాలి," అన్నాడు ముక్తేశ్వరం నీళ్ళు నములుతూ.

"అధ్యక్షుడు ఏడిస్తే రేపు పదవి ఉంటుందా?"

"అయితే తమరి తరఫున దండోరా ఏడుస్తాడు."

దండోరా ఏడ్చాడు. అంత ఏడుపు అడవి ఎన్నడూ వినలేదు. తీతువు కళ్ళొత్తుకుని పదికి పన్నెండు వేసింది. నిబంధన ప్రకారం, ఏడ్చినవాడి నోట్లోనే పసరు పోసింది. దండోరా అక్కడికక్కడే కాళ్ళు చాపి నిద్రపోయాడు.

శూరప్పగారు వచ్చి బూడిదమ్మ పక్కన కూర్చున్నారు. వీపు గూనిగా వంగింది. కళ్ళు సగం మూతపడ్డాయి.

బూడిదమ్మ ఓరకంట చూసింది. "అయ్యా, తమరికీ గొంతులో ఏమైనా చప్పుడు వస్తోందా?"

"మాట్లాడించకు. నొప్పిగా ఉంది," అన్నారాయన మెల్లగా.

ఆ మాట తాయారమ్మ చెవిన పడింది. చటాలున కుండ పట్టుకొచ్చింది. "ఇప్పుడే ఇస్తానయ్యా. కానీ కుక్కలకిచ్చే కొలత మీ జాతికి పనికిరాదు. ఎక్కువైతే లేవరు. ముందు మీ చుట్టాల్లో ఒకరికి, ఒంటి బరువును బట్టి కొద్దిగా ఇచ్చి చూడాలి. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?"

పిల్లులను ఏనాడూ చుట్టాలని ఒప్పుకోని శూరప్పగారు పక్కకు తిరిగారు.

"ఈ బూడిదమ్మ మాకు మేనత్త వరస!"

మేనత్తకు కొలిచి రెండు చుక్కలు పడ్డాయి. ఆమెకు తాయారమ్మ మొహం మసకబారడం ఒక్కటే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి పన్ను లేదు, నొప్పి తగ్గించే ఆకు నోట్లో ఉంది, పక్కన అధ్యక్షులవారు గురకపెడుతున్నారు. సాయంత్రానికి ఎలుకను పట్టింది. పిల్లలు కడుపునిండా పాలు తాగారు.

మర్నాడే కొత్త ఉత్తర్వు వచ్చింది. గూని పెట్టినవాళ్ళకే పసరు. ముక్తేశ్వరం ఫారంలో గడి గీశాడు. మధ్యాహ్నానికల్లా అడవంతా వీపులు వంచుకుని, కళ్ళు సగం మూసుకుని, కిక్కురుమనకుండా వరసలో నిలబడింది.

నీతి: నీ నొప్పికి మందు దొరకాలంటే, ముందు అది అధ్యక్షులవారికి రావాలి.