సరి సంఖ్యలు విభేదించవలెను

పక్కవాటా కోటేశ్వరమ్మ డాబా మీద బట్టలారేస్తూ సింధూరతో అన్న మాట ఇది. ఆవిడకు చంపాపేట్‌లో కూరల బండి దగ్గర ఎవరో చెప్పారట. వాళ్ళకెవరు చెప్పారో ఆవిడ అడగలేదట. అడుగుతూ నిలబడితే లేత వంకాయలు అయిపోయేలా ఉన్నాయట!

"మీ ఆయన పనిచేసే బాల్‌రాజ్ గారి స్కూల్లో ఇకమీదట మాస్టార్లు పాఠాలు చెప్పరటమ్మా. పిల్లలే కంప్యూటర్లో రాసుకుంటారట, పిల్లలే దిద్దుకుంటారట. మరింక మీ ఆయన్నేం చేసుకుంటారంటావ్?"

సింధూర ఈ మాట చేరవేస్తే ఆమె భర్త, సోషల్ మాస్టారు త్రినాథరావు నవ్వేశాడు. మర్నాడు మన్సూరాబాద్‌లోని ఆ స్కూలు గేటు దగ్గర స్కూటీ ఆపగానే నవ్వు ఆగిపోయింది. గేటుకు ఈ కొస నుంచి ఆ కొసకు ఫ్లెక్సీ కట్టారు. "జ్ఞానం ఇక పైనుంచి కురవదు! పిల్లల్లోంచి ఉబుకుతుంది!" పక్కనే కరస్పాండెంట్ బాల్‌రాజ్ నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. పిల్లల ఫొటోలకు చోటు చాలలేదు.

బాల్‌రాజ్‌ది ఆ ఊరే. తాతలనాటి జొన్నచేలు ప్లాట్లయిపోగా మిగిలిన ముక్కలో స్కూలు మొలిచింది. ఆ ఉదయం స్టాఫ్ రూములో అతను టేబుల్ మీద చరిచి ప్రకటించాడు.

"సార్లు, మేడంలు! మన స్కూలుకు 'అందరి పలక' అని వెబ్‌సైటు పెట్టించిన. గండ్ల ఎవలైనా రాయొచ్చు. ఒకలు రాసింది ఇంకొకలు దిద్దొచ్చు. కింద కామెంటు పెట్టొచ్చు. పిల్లలు, అమ్మానాయినలు, తాతలు, అందరు! వచ్చే నెల కమిటీ ఒస్తది. భాగస్వామ్య విద్యా షీల్డు మనకే రావాలె. త్రినాథరావు సార్, గిది నీ జిమ్మేదారి."

"షీల్డు రాకపోతేనండీ?"

"ఏం గాదు. పెద్ద అంబర్‌పేట్ బ్రాంచికి పోతవ్."

త్రినాథరావు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ బ్రాంచి మాస్టార్లు తెల్లారకముందే స్కూలు బస్సెక్కి, ఊళ్ళన్నీ తిరిగి పిల్లల్ని పోగుచేసుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. ఇక్కడ సింధూర ఉద్యోగ పరీక్ష కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం బ్యాచ్‌కి వెళుతోంది. ఆ వేళకు మూడేళ్ళ పాపను చూసుకునేది తనే. తను బస్సెక్కితే ఆవిడ పుస్తకాలు అటకెక్కుతాయి.

అయినా, నిజం చెప్పాలంటే, అతనికి సంబరంగానే ఉంది. పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటే చదువు ఒంటబడుతుందని బీఎడ్‌లో చదివాడు, నమ్మాడు కూడా. తొమ్మిదో తరగతి పిల్లలు నలభై ఆరుగురికీ పాస్‌వర్డులిచ్చి, పలక మీద 'నీటి పొదుపు' పాఠం పెట్టాడు. కంప్యూటర్లు మాత్రం దసరాకి బొట్లు పెట్టిన ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. "కవర్లు కమిటీ వొచ్చిననాడు తీద్దాం, దుమ్ము వడ్తది" అన్నాడు బాల్‌రాజ్. సరే, ఇళ్ళలో ఫోన్లున్నాయిగా!

ఆ సాయంత్రమే తొలి కామెంటు పడింది. రోల్ నంబర్ పద్దెనిమిది, సుష్మిత, వాళ్ళమ్మ ఫోన్లోంచి రాసింది: "మా బడిలో నల్లా రెండు నెలల నుండి రావడం లేదు. కాబట్టి మా బడిలో నీటి పొదుపు చాలా బాగా జరుగుతున్నది."

పది నిమిషాల్లో బాల్‌రాజ్ ఫోను.

"ఎవలు రాసిండ్రు గిది?"

"పిల్లలేనండి."

"పిల్లలెట్ల రాస్తరయ్యా?"

"పిల్లలు రాసుకునేందుకే కదండీ పెట్టారు!"

"పెట్టినం. పెడితే మాత్రం రాస్తరా?"

కామెంటు మాయమైంది. తీసేసిన చెయ్యి త్రినాథరావుదే. నల్లా మాత్రం అలాగే ఉంది. మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"విద్యార్థుల స్వేచ్ఛకు భంగం వాటిల్లకుండుటకై వారి పాస్‌వర్డులన్నియు ఉపాధ్యాయుని వద్ద భద్రపరచవలెను. చర్చ సజీవముగా నుండుటకై బేసి రోల్ నంబర్లు ఏకీభవించవలెను. సరి రోల్ నంబర్లు సవినయముగా విభేదించవలెను. ఉపాధ్యాయుని పేరు ఎచ్చటను కనబడరాదు."

ఆనాటి నుంచి త్రినాథరావు ఒక్కడే నలభై ఆరుగురయ్యాడు! మధ్యాహ్నం ఒక చేత్తో పులిహోర తింటూ రెండో చేత్తో పదిహేడై వాదించేవాడు, పద్దెనిమిదై ఖండించేవాడు. ఒకసారి ఇరవై రెండు మీద ఇరవై మూడుకు ఎంత కోపం వచ్చిందంటే, పక్కనున్న లెక్కల మేడం "ఎవరితో సార్ ఆ గొడవ?" అని కుర్చీ జరుపుకుంది. అతను రాసిందంతా పిల్లలు ఎర్రగీత మార్జిను కొట్టుకుని 'కామెంట్ల రికార్డు'లోకి ఎక్కించేవారు.

"సార్, నాది పద్దెనిమిది గదా?" అంది సుష్మిత ఒకరోజు. "నాకైతే పదిహేడు చెప్పిందే కరెక్టనిపిస్తుంది. అయినా విభేదించాల్నా?"

"తప్పదమ్మా. రోల్ నంబరు మారాలంటే టీసీ తీసుకుని మళ్ళీ చేరాలి."

పిల్లల తర్వాత అమ్మానాన్నల వంతు వచ్చింది. తొంభై రెండు మంది తల్లిదండ్రులై రాశాడు. సహజంగా ఉంటుందని అక్కడక్కడ ఒత్తులు మింగేశాడు. తర్వాత తాతలూ నానమ్మలూ అయ్యాడు. అప్పుడే బాల్‌రాజ్ భుజం మీద చెయ్యేశాడు.

"మా అమ్మ పేరు మీద సుత ఒకటి రాయి సార్. జర భారీగుండాలె."

బాల్‌రాజ్ తల్లి ఇంద్రమ్మ పేరు మీద త్రినాథరావు తన బీఎడ్ ప్రాజెక్టులోని అత్యుత్తమ వాక్యాన్ని ధారపోశాడు.

చివరికి కమిటీ చైర్మన్ శ్రీరామమూర్తిగారే ఫోన్ చేశారు. "పని ఒత్తిడి దృష్ట్యా, తనిఖీ నివేదిక ముసాయిదా, నా ప్రసంగ పాఠం మీరే తయారుచేసి పంపితే పరిశీలించి సంతకం చేస్తాం." త్రినాథరావు చైర్మన్ కూడా అయ్యాడు! స్కూలును మెచ్చుకున్నాడు, ఆశ్చర్యపోయాడు, ఒకచోట కన్నీరు కూడా పెట్టుకున్నాడు. చివర పట్టికలో విద్యార్థులు నలభై ఆరు, తల్లిదండ్రులు తొంభై రెండు, తాతలు నానమ్మలు ముప్పై ఒకటి అని నింపాడు. 'ఉపాధ్యాయుని భాగస్వామ్యం' అన్న గడి దగ్గర కలం ఆగింది. సర్క్యులర్ గుర్తొచ్చింది. సున్నా చుట్టాడు.

కమిటీ వచ్చిన రోజు కంప్యూటర్ల కవర్లు తీశారు. శ్రీరామమూర్తిగారు ఒక కంప్యూటర్ని ఆప్యాయంగా నిమిరారు. సభ మొదలైన పావుగంటకే షీల్డు ప్రకటించారు. చప్పట్ల మధ్య త్రినాథరావు సింధూరకు మెసేజ్ పెట్టాడు. "షీల్డు మనదే. నీ క్లాసులకు ఢోకా లేదు."

ఫోను జేబులో పెట్టేలోగా బాల్‌రాజ్ స్టేజీ దిగొచ్చి చేతిలో కవరు పెట్టాడు. పెద్ద అంబర్‌పేట్ బ్రాంచి, సోమవారం నుంచి!

"అదేంటండీ! షీల్డొచ్చింది కదండీ!"

"ఒచ్చింది. గందుకే. రిపోర్టు జూడు. పిల్లలు పాల్గొన్నరు, అమ్మానాయినలు పాల్గొన్నరు, ముసలోళ్ళు సుత పాల్గొన్నరు. సారు సున్నా! పాల్గొనని సారు మీద ఏం చర్య తీసుకున్నరో రాసియ్యమన్నడు చైర్మన్ సాబ్."

"ఆ సున్నా నేనే చుట్టానండీ బాబూ! మిగతా అంకెలన్నీ కూడా నేనేనండీ!"

"నాకు తెల్వదా సార్? గని రికార్డుల ఎట్లున్నదో గట్లనే నడవాలె గదా. పరేషాన్ గాకు, ఆడ గాలి మంచిగుంటది."

అంతలో మైకులో శ్రీరామమూర్తిగారి గొంతు గద్గదమైంది, కాగితంలో అలా రాసి ఉన్న చోటే. "ఈ వేదికపై వెలువడిన వేలాది వాక్యాల్లో ఉత్తమ వాక్యానికి ప్రత్యేక బహుమతి! 'భాగస్వామ్య వేదికలు అభ్యాసకుని శ్రోత స్థాయి నుండి జ్ఞాననిర్మాత స్థాయికి ఉద్ధరించును.' రచయిత్రి, శ్రీమతి ఇంద్రమ్మగారు!"

ముందు వరసలో కునుకుతున్న ఇంద్రమ్మను ఇద్దరు మేడంలు లేపి స్టేజీ ఎక్కించారు. మెడలో దండ పడింది. చేతిలో మెరుస్తున్న బొమ్మ పడింది.

"అమ్మా, ఇంతటి వాక్యం మీ కలం నుండి ఎలా జాలువారిందో పిల్లలకు చెప్పండి" అని శ్రీరామమూర్తిగారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

ఇంద్రమ్మ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. మైకును చూసింది. కొడుకును చూసింది.

"నాకు అచ్చరం ముక్క రాదు గదరా బాల్‌రాజూ. బ్యాంకుల గూడ ఏలుముద్రనే ఏస్త. గిదంత నేనెప్పుడు రాసిన?"

బాల్‌రాజ్ తలెత్తి స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీలోని తన ఫొటోను శ్రద్ధగా చూడసాగాడు. శ్రీరామమూర్తిగారు చేతిలోని కాగితాన్ని ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ తిప్పారు. త్రినాథరావు రాసిచ్చిన ప్రసంగంలో దీనికి జవాబు లేదు.

ఇంద్రమ్మ బొమ్మను కుర్చీలో పెట్టి మైకు వైపు వంగింది.

"రాసినోడు ఈడనే యాడనో కూసోని ఉంటడు. ఆన్ని పిలిచి ఇయ్యుండ్రి."