అత్తగారి మీద ప్రాక్టీసు

ఆ రోజు డాక్టరుగారి పథకం చాలా సులువైనది. ఓపీ పదింటికి మొదలవుతుంది. తను ఎనిమిదింటికే వచ్చి, ఎవరూ చూడకుండా కంప్యూటర్లో మందులు రాయడం నేర్చేసుకోవాలి. పదింటికి పేషెంట్ల ముందు, పుట్టినప్పటి నుంచీ ఇదే పనిలో ఉన్నవాడిలా టకటకా కొట్టాలి. అంతే.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన చీటీ మీదే రాశాడు. ఆయన హస్తవాసి మంచిదని పేరు. ఆ మాట జనం అన్నదానికన్నా ఆయన చెప్పుకున్నదే ఎక్కువ. మందు వేసుకోనని మొండికేసే ప్రతి పేషెంటుకీ ఒకటే ఉదాహరణ చెప్పేవాడు. "మా అత్తగారిని చూడండి. డెబ్బై నాలుగేళ్ళు. ఆరేళ్ళ నుంచీ నేను రాసిన బీపీ మాత్ర, తొమ్మిదిన్నర కొట్టేసరికి నోట్లో వేసుకుంటారు. ఒక్క రోజు తప్పలేదు. బీపీ చూస్తే పాతికేళ్ళ పిల్లకున్నట్టుంటుంది!" ఇప్పుడా హస్తవాసిని తీసుకెళ్ళి మౌసు మీద పెట్టమంటున్నారు. ఇవాళ్టి నుంచి చేత్తో రాసిన చీటీకి కింద ఫార్మసీలో మందులివ్వరని గోడ మీద నోటీసు కూడా అంటించారు. దాన్ని చూసినప్పుడల్లా ఆయనకి అరచేతులు చెమటలు పడుతున్నాయి.

ప్రాక్టీసు కోసం కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి పేషెంటుని పెట్టారు. డాక్టరుగారు ఆ పేషెంటుని తెరవబోతే "ఈ రికార్డును వేరొకరు వాడుతున్నారు" అని వచ్చింది. ఐదు నిమిషాలాగి నొక్కినా అదే మాట. ఆసుపత్రిలో మిగతా డాక్టర్లందరిదీ ఇదే భయమనీ, ఇదే పథకమనీ ఆయనకేం తెలుసు పాపం! గడియారం చూస్తే ఎనిమిదీ ఇరవై. ఇక లాభం లేదనుకుని, తనకి నోటికొచ్చిన ఒకే ఒక్క పేషెంటు నంబరు కొట్టాడు. అది అత్తగారిది. ప్రతి నెలా కార్డు మర్చిపోయి వచ్చి, ఆయన చేతే ఆ నంబరు చెప్పించే మనిషి ఆవిడ ఒక్కరే.

"పంపకపోతే ఏమీ కాదులే," అని తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు.

ముందు బీపీ మాత్ర కొట్టాడు. వచ్చింది. హుషారు పుట్టింది. ఒక నొప్పి మాత్ర, ఒక నిద్ర మాత్ర, చివరికి ఒక షుగరు మాత్ర, అదీ పెద్ద డోసు. వెంటనే తెర మీద ఎర్రగా ఒక పెట్టె ప్రత్యక్షమైంది. "ఈ రోగికి షుగరు వ్యాధి లేదు. అయినా ఇస్తారా? కారణం తెలపండి." పెట్టె మూద్దామంటే మూసుకోదు. కారణం చెబితే గాని కదలనంటుంది. అదే ఇచ్చిన జాబితాలో మొదటి కారణం నొక్కాడు. "అన్నీ ఆలోచించే ఇస్తున్నాను." పెట్టె పోయింది. కింద పచ్చ బటన్ వెలిగింది. బయటికి పోయే దారి ఇదేనేమోనని దాన్ని నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. గాభరాలో ఇంకో నాలుగుసార్లు నొక్కాడు. అప్పుడా తెర తాపీగా ఒళ్ళు విరుచుకుని చెప్పింది. "మందులు పంపబడినవి. కుటుంబ సభ్యులకు తెలియజేయబడినది."

"సిస్టర్! ఇలా రండి, తొందరగా!"

పదిహేనేళ్ళుగా ఆయన గది చూసుకుంటున్న సిస్టర్ వచ్చి తెర చూసింది. ఆయన మొహం చూసింది. మళ్ళీ తెర చూసింది.

"ఈవిడ మీ అత్తగారు కదా సార్?"

"ప్రాక్టీసు కోసమని..."

"ప్రాక్టీసుకి అత్తగారే దొరికారా?"

"ముందు దీన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో చెప్పండి తల్లీ!"

అది సిస్టర్‌కీ తెలియదు. ఆమెకి నర్సుల తెర నేర్పారు గాని డాక్టర్ల తెర నేర్పలేదు. ఇద్దరూ కలిసి డోసు సున్నా చేద్దామని చూశారు. సున్నా చెల్లదంది. పోనీ అని, నెల రోజులకి రాసిన ప్రతి మందునీ ఒక్క రోజుకి తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గించిన ప్రతిసారీ అది కుటుంబ సభ్యులకు తెలియజేస్తూనే ఉంది. కాసేపటికి ఆ కుటుంబ సభ్యులు ఫోను చెయ్యనే చేశారు.

"ఏమండీ, అమ్మకేమైంది?" డాక్టరుగారి భార్య ఏడ్చినంత పని చేసింది. "పావుగంటలో పది మెసేజీలు! ఇందాక నెలకి రాశారు, ఇప్పుడు ఒక్క రోజుకే అంటున్నారు. ఒక్క రోజుకే ఏంటండీ? రేపటికి అక్కర్లేదా?"

జరిగింది చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆయనకి కంప్యూటరంటే ఎంత భయమో భార్య అంటే అంతకి రెట్టింపు. "కంగారు పడకు. సాయంత్రం ఇంటికొచ్చాక కూర్చోబెట్టి చెప్తాను," అనేశాడు. ఆయన ఎలాంటి కేసుల్లో ఆ మాట అంటాడో ఇరవై ఎనిమిదేళ్ళుగా వింటున్న మనిషి ఆమె. "అయ్యో అమ్మా!" అంటూ ఫోను పెట్టేసింది.

ఆయన ఫార్మసీకి ఫోను చేశాడు. "మా అత్తగారి మందులు ఆపెయ్యండి!"

"ఆపడమేంటి సార్, వ్యాన్ ఎప్పుడో వెళ్ళిపోయింది," అన్నాడు ఫార్మసిస్టు గర్వంగా. "పెద్దవాళ్ళకి మందులు మొదటి ట్రిప్పులోనే ఇంటికి పంపుతున్నాం. మీ అత్తగారని తెలిసి అన్నిటికన్నా ముందు పెట్టించాను!"

అత్తగారికి ఫోను చేస్తే బిజీ. భార్యకి చేస్తే బిజీ. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. షుగరు లేని మనిషి అంత డోసు మింగితే ఏమవుతుందో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరిగి పడిపోతారు. పైగా నిద్ర మాత్ర కూడా ఉంది. ఇంట్లో ఒక్కరే ఉంటారు, లేపే దిక్కుండదు. చెమటలూ వణుకూ అయితే ఆయనకి అప్పుడే మొదలైపోయాయి.

"వెళ్ళండి సార్, వెళ్ళండి!" సిస్టర్ ఒక గ్లూకోజు ప్యాకెట్టు ఆయన జేబులో కుక్కి గదిలోంచి తోసేసింది.

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. అవతలి వైపు నుంచి ఆసుపత్రి వ్యాన్ తిరిగొస్తోంది. డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి, ఇచ్చేశాను సార్ అన్నట్టు నవ్వుతూ చెయ్యెత్తాడు. అంత భయంకరమైన నవ్వు డాక్టరుగారు తన సర్వీసులో చూడలేదు.

అత్తగారిది ఆరో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెట్లెక్కి, ఆయాసంతో తలుపు తోసేసరికి తొమ్మిదీ నలభై. అత్తగారు సోఫాలో తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉంది. ముందు టీపాయ్ మీద మాత్రల షీట్లు. ఒక్క షీటులో ఒక్క మాత్ర లేదు.

"అత్తయ్యగారూ!" ఆయన మోకాళ్ళ మీద కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నాడి చూద్దామంటే తన గుండె చప్పుడే చెవుల్లో మోగుతోంది. "క్షమించండి... కంప్యూటర్ నేర్చుకుందామని మీ నంబరు కొట్టాను... నా చేతులారా చంపుకున్నాను..."

అత్తగారు ఒక కన్ను తెరిచింది. "ఎవర్ని బాబూ?"

"ఎన్ని... ఎన్ని వేసుకున్నారు?"

"ఒక్కటీ వేసుకోలేదు."

"షీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి!"

ఆవిడ లేచి, అలమర వెనక నుంచి ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచింది. నిండా మాత్రలు. ఆరేళ్ళ మాత్రలు. "మీ ఆవిడ ప్రతి ఆదివారం వచ్చి ఖాళీ షీట్లు లెక్కపెడుతుంది. అందుకని విప్పి ఇందులో పోస్తూ ఉంటాను. ఇవాళ మీరు మరీ ఎక్కువ పంపారు. అన్నీ ఈ ఒక్క రోజుకేనని మీ ఆవిడ ఫోనులో చెప్పింది. వేళ్ళు నొప్పెట్టి కాస్త నడుం వాల్చాను."

"ఆరేళ్ళుగానా?"

"ఏమీ అనుకోకండి బాబూ. పెళ్ళి రిజిస్టర్లో సంతకం పెట్టేటప్పుడు మీ చెయ్యి గజగజా వణికింది. ఈ చేత్తో రాసింది మాత్రం మింగకూడదని ఆ రోజే అనుకున్నాను."

"మరి బీపీ?"

"ఎక్కువైతే మీ మాత్ర మింగాల్సొస్తుందన్న భయం ఉంది చూశారూ, అదే నా మందు. ఉప్పు మానేశాను. లిఫ్టు పనిచేసినా ఎక్కను."

ఆవిడ బతికుందన్న సంతోషంతో ఆయనకి నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళలో హస్తవాసి వాటా ఎంతో ఆయనకే తెలియదు. జేబులోంచి గ్లూకోజు తీసి తనే నోట్లో పోసుకున్నాడు. అప్పుడే మెట్ల మీద ఏడుపు వినిపించింది.

"అదే వస్తోంది," అంది అత్తగారు డబ్బా దాచేస్తూ. ఆవిడ మొహంలో మొదటిసారి భయం కనిపించింది. "ఈ డబ్బా సంగతి తెలిస్తే నన్ను బతకనివ్వదు బాబూ. మీరిది చెప్పకండి, నేను మీ కంప్యూటరు సంగతి చెప్పను."

"ఒట్టు," అన్నాడు డాక్టరుగారు.

కూతురు వచ్చి తల్లిని కావలించుకుంది. "మీ ఆయన సమయానికొచ్చి చూశారే, ఇప్పుడు గండం గడిచింది," అంది అత్తగారు. "మీ హస్తవాసి, ఏమండీ!" అని భార్య చేతులు పట్టుకుంటే, ఆయన మొదటిసారి ఆ మాటకి తల దించుకున్నాడు.

పదిన్నరకి ఆసుపత్రికి తిరిగొచ్చి, కంప్యూటర్ తెలిసినవాళ్ళని పిలిపించి, ఆ మందులన్నీ రద్దు చేయించాడు. రికార్డు చివర ఒక ప్రశ్న మిగిలింది. "రోగి మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారా?" ఆరేళ్ళుగా కాగితం మీద ఆయన చూడకుండా అవునని గీసిన ప్రశ్నే అది. రేపు ఇంకో డాక్టరు ఆ అవును నమ్మి ఆవిడకి మందు పెంచితే? జీవితంలో మొదటిసారి ప్రశ్న మొత్తం చదివి, నిజాయితీగా "లేదు" నొక్కాడు. ఎప్పటి నుంచి అంటే "ఆరేళ్ళు" అని కొట్టాడు. పచ్చ బటన్ కూడా బుద్ధిగా ఒక్కసారే నొక్కాడు.

"కుటుంబ సభ్యులకు తెలియజేయబడినది," అంది తెర.