మామగారి పేగులో గంటలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, పెద్దపేగు పరీక్ష చేయించాలి, చంటిదానికి నిద్ర వేళయ్యేలోపు ఇంటికొచ్చి పడాలి. మామగారి అక్క పేగు క్యాన్సర్‌తో పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ, మామగారు కడుపు పట్టుకున్నప్పుడల్లా కోడలి గుండె జారిపోతుంది. పైగా చంటిది ఆయన గుండెల మీద తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. అందుకే డాక్టరు చెప్పింది చెప్పినట్టు, మూడు రోజులుగా గింజ, తొక్క, పీచు ఆయన నోటిదాకా పోకుండా కాపలా కాసింది. రాత్రి భేదిమందు కూడా ఎదురుగా కూర్చుని తాగించింది.

మామగారు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఇంకొకరిని నిలబెట్టి జేబులు వెతికించడమే తప్ప, తనని వెతకడం ఆయనకి అలవాటు లేదు. అందులోనూ వెనకవైపు నుంచి.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఆ తలుపు నుంచి ఎక్కినవాణ్ణి చూళ్ళేదమ్మాయ్," అన్నారు.

నర్సు నవ్వు ఆపుకుంది. "భయపడకండి తాతగారూ. డాక్టరుగారితో పాటు ఇక్కడ ఏఐ కూడా చూస్తుంది. కంప్యూటరేనండీ. పేగులో అదనంగా పెరిగిన కండ కనబడితే తెరమీద ఆకుపచ్చ గడి గీసి టింగుమని గంట కొడుతుంది. దాన్ని అప్పుడే తీసేస్తే క్యాన్సర్ దాకా పోదు."

"అది పొరపాటు పడదా?"

"పడుతుంది. అందుకే డాక్టరుగారున్నారు."

"ఆయన పొరపాటు పడితే?"

"అందుకే అదుంది."

మత్తిచ్చి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. భర్త బండి పెట్టడానికి వెళ్ళాడు. కోడలు చంటిదాన్ని చంకనేసుకుని తలుపు పక్కనే నిలబడింది.

కాసేపటికి లోపల టింగుమంది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కటే కదా అని కూడదీసుకునేలోపు ఇంకోటి. ఆ తర్వాత ఆగితే ఒట్టు. చంటిది గంట మోగినప్పుడల్లా చప్పట్లు కొట్టింది.

"ఏమండీ, గంటలు మోగుతున్నాయండీ!" అని భర్తకి ఫోన్ చేసింది.

"ఎన్ని?"

"ఎన్నేంటండీ, ఐస్‌క్రీం బండి వచ్చినట్టుంది!"

భర్త హడలిపోయి, రెండు వీధుల అవతలుండే బాబాయికి ఫోన్ చేశాడు. ఆయన అన్నగారితో మాట్లాడి ఏళ్ళయింది. టికెట్ లేదని సొంత తమ్ముణ్ణి అత్తవారి ముందే బస్సు దింపేసిన అన్నగారు మరి.

ఇంతలో నర్సు ఆయాని కేకేస్తూ పరుగున బయటికొచ్చింది. "ఇంకో రెండు సీసాల నీళ్ళు తెండి!"

"సిస్టర్, ఏమైందండీ?"

"ఏం చెప్పనమ్మా, ఇన్ని నేనెప్పుడూ చూళ్ళేదు," అంటూ అంతే పరుగున లోపలికి పోయింది.

అంతలో చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని చిన్న మామగారు ఊడిపడ్డారు. "అన్నయ్యా! నిన్ను క్షమించేశానన్నయ్యా! నన్ను దింపితే దింపావు గానీ, నువ్వప్పుడే దిగిపోకు!" అని తలుపు పట్టుకుని ఘొల్లుమన్నారు.

అప్పుడే వచ్చిన భర్త, బాబాయి ఏడుపు చూసి అంతా అయిపోయిందనుకుని గోడ వారగా జారిపోయాడు. మొగుడు జారడం చూసి కోడలు బావురుమంది. తల్లిని చూసి చంటిది రాగం అందుకుంది.

తలుపు తెరుచుకుంది. తడిసి ముద్దయిన డాక్టరు నలుగురినీ చూసి, "ఎవరు పోయారు?" అని అడిగారు.

"మీరే చెప్పాలి," అన్నారు చిన్న మామగారు.

"పేగు నిండా జామగింజలు! ఒక్కో గింజకీ అది గడి గీసి గంట కొట్టింది. కడగలేక చచ్చాం. ఈయనకి జామపండ్లు ఎవరు పెట్టారు?"

"మూడు రోజులూ గింజన్నది తగలనివ్వలేదండీ నేను!" అంది కోడలు.

ఆ వెనకే చక్రాల మంచం మీద మామగారు వచ్చారు. సగం కళ్ళు తెరిచి, మనవరాలి వైపు చెయ్యి చాపి, "బంగారూ, మనిద్దరం జామపండు తిన్నామని అమ్మతో చెప్పకేం," అన్నారు.

కోడలికి ఏడుపంతా కోపమైంది. "మామయ్యగారూ!"

"తిట్టేముందు ఇదీ వినమ్మా," అన్నారు డాక్టరు. "చివరికొచ్చేసరికి ఆ గంటని నేను నమ్మడం మానేశాను. ఓ మూల మళ్ళీ మోగితే ఇదీ గింజేలే అనుకున్నాను. నీళ్ళు కొడితే చుట్టూ ఉన్నవన్నీ కొట్టుకుపోయాయి, అదొక్కటీ కదల్లేదు. చదునుగా, పేగు రంగులోనే కలిసిపోయిన కండ. తీసేసి పరీక్షకి పంపాం. చూడటానికి ముదిరినట్టు లేదు. ఇంకొన్నేళ్ళు వదిలేసుంటే ఏమయ్యేదో చెప్పలేను."

కోడలు మంచం అంచు గట్టిగా పట్టుకుంది. ఉన్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"టికెట్ లేనివాడు దొరికాడా?" మత్తులోనే అడిగారు మామగారు.

"దొరికాడండీ. దింపేశాం."

చిన్న మామగారు ఆనందం పట్టలేక అన్నగారిని కావలించుకున్నారు. డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశారు. "మీరేమవుతారు?"

"తోడబుట్టినవాణ్ణండీ! ఒకే రక్తం!"

"అక్కకి క్యాన్సర్, అన్నకి కండ. అయితే ఇక ఆలస్యం చెయ్యొద్దు, మీరూ పేరు రాయించుకోండి. ఇదే మందు, ఇదే గొట్టం."

అంతసేపూ అన్నగారి కోసం ఏడ్చిన చిన్న మామగారు, అప్పుడు మొదటిసారి నిజంగా ఏడ్చారు.