పులిగారి మోకాలి నొప్పి

ఒక పెద్ద అడవిలో ఒక ఏరు, ఏటి మధ్యలో గడ్డి మొలిచిన ఇసకదిబ్బ, ఆ దిబ్బ కోసం ఒక యుద్ధం. ఎవరు మొదలెట్టారంటే ఇవతలివాళ్లు అవతలికి చూపించేవారు, అవతలివాళ్లు ఇవతలికి. ఇవతలి రాజు భల్లూకం. ఆయన గడ్డి ముట్టడు. అయినా దిబ్బ కావాలన్నాడు.

ఏరు దాటినవాళ్లు తిరిగి రావడం లేదని తల్లులు గొణగడం మొదలెట్టారు. రాజు సినిమాలు తీసే నక్క కామేశాన్ని పిలిపించాడు.

"జనం నన్ను తిడుతున్నారయ్యా. ఏదైనా చెయ్యి."

"తమరికి ముందు ఏలి చచ్చిపోయిన పెద్దపులి మీద సినిమా తీద్దాం దొరా. అంతటి కిరాతకుడికీ మనసుందని చూపిస్తే, తమరిక్కూడా ఉందేమోనని అనుమానపడతారు."

పులికి జావ పట్టే ఆయా వేషానికి దుప్పి మంగతాయిని పట్టుకొచ్చాడు.

"మా నాన్నని తిన్నవాడికి నేను జావ పట్టాలా?"

"సినిమాలో తినడు పిన్నీ. ఆ సీను రాశాం గానీ, నిడివి ఎక్కువైందని తీసేశాం."

మంగతాయి లేచింది. "మీ బుల్లోడి వంతు దగ్గరకొచ్చిందటగా," అన్నాడు నక్క నెమ్మదిగా. "వేషం కట్టు. వాణ్ణి ఏరు దాటించరు. పూచీ నాది."

ఆవిడ మళ్లీ కూర్చుంది.

గుహ గోడ మీద సినిమా ఆడింది. పులి వేషంలో ఉన్న చిరుత అరచేతిలో ఉడతపిల్లని పెట్టుకుని రేగుపండు తినిపిస్తాడు. గట్టిగా నిట్టూరుస్తాడు. నొప్పెడుతున్న మోకాలు రాసుకుంటాడు. తర్వాత సేనాపతి వైపు తిరిగి, "ఇంకో గుంపుని దాటించండి," అంటాడు.

గుహంతా ముక్కులు చీదుతోంది. "పాపం, ఆ మోకాలితో ఎంత అవస్థ పడ్డాడో," అంది కుందేలు. దాని చెవుల్లో ఒకటి ఆ పులే కొరికేసింది. మంగతాయికీ కళ్లు చెమ్మగిల్లాయి. తన మీద తనకే ఒళ్లు మండింది.

అందరూ మళ్లీ మళ్లీ చూశారు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది భల్లూకం. ఏడ్చి, తనకీ ఒక ఉడతపిల్ల కావాలన్నాడు.

ఆ వారమే ఏటి ఒడ్డున కొత్త సైన్యాన్ని వరసలో నిలబెట్టారు. మంగతాయి వెళ్లేసరికి అందరికన్నా ముందు బుల్లోడు.

"మాటిచ్చావు కదయ్యా కామేశం."

"సినిమా ఆడేసింది కదా పిన్నీ. ఇంకా మాటేంటి?"

అంతలో భల్లూకం వచ్చాడు, అరచేతిలో ఉడతపిల్లతో. రేగుపండు తినిపించాడు. కుందేలు అప్పుడే ముక్కు ఎగబీల్చింది. మంగతాయి మాత్రం ఈసారి ఏడవలేదు. షూటింగు పొడుగునా జావగిన్నె పట్టుకుని పక్కనే నిలబడిన మనిషాయె. ఈ సీను ఎక్కడికి పోతుందో ఆవిడకి తెలుసు.

"ఇప్పుడు నిట్టూరుస్తాడు చూడండి," అంది పైకే.

భల్లూకం నిట్టూర్చాడు.

"ఇప్పుడు మోకాలు."

ఏ నొప్పీ లేని మోకాలిని రాసుకున్నాడు. కుందేలు కళ్లు ఆరిపోయాయి.

రాజు సేనాపతి వైపు తిరిగి నోరు తెరిచేలోపు ఒడ్డు ఒడ్డంతా ఒక్క గొంతుతో అందుకుంది: "ఇంకో గుంపుని దాటించండి."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఉడతపిల్ల దూకి పారిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. బుల్లోడు వరసలోంచి వచ్చి వాళ్లమ్మ పక్కన నిలబడ్డాడు. వాడి వెనకవాడూ వచ్చాడు. ఆపైన వరసే లేదు.

అవతలి సైన్యం సాయంత్రం దాకా ఎదురుచూసి, సంగతేంటో కనుక్కురమ్మని ఒక తోడేలుని పంపింది. వాడు అంతా విని, పోతూ పోతూ సినిమా అరువడిగి పట్టుకెళ్లాడు.

నీతి: క్రూరుడి కష్టాలకి కరువుదీరా ఏడవాలి, అలా ఏడిస్తేనే అతగాడి తర్వాతి డైలాగు మనకి కంఠతా వస్తుంది.