రికార్డులో నేను కులాసా

మందుల షాపు రికార్డులో నిజం రాయకపోవడమంత మేలు మనిషికి ఇంకోటి లేదు! నవ్వకండి. బీపీ వచ్చాకే నాకీ జ్ఞానం కలిగింది.

మా ఇన్సూరెన్స్ కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. నెలకోసారి షాపాయన మనల్ని కూర్చోబెట్టి, మందులన్నీ ముందు పెట్టించి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నాం, ఒంట్లో ఎలా ఉంది అని అడిగి రాయాలి. దాని పేరు మందుల రివ్యూ. రాసి పంపితే షాపుకి క్లెయిమ్ డబ్బు వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా షాపాయన ఉపేంద్ర. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మర్యాదస్తుడు. నన్ను ఒక్కనాడూ కూర్చోబెట్టలేదు.

"మీకెందుకు బాబాయ్ శ్రమ? సంతకాలు పెట్టేసి వెళ్లండి. నేను రాసుకుంటాగా!"

ఎంత దయ! రాబోయే నెలలకి కూడా సంతకాలు పెట్టేసి, పక్క బండి మీద మిర్చీ తిని ఇంటికొచ్చేవాణ్ణి.

నా పేరు కొమరయ్య. ఆ రికార్డులో కొమరయ్య ఎలాంటివాడనుకున్నారు? ఉప్పు ముట్టడు. పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు దాకా నడుస్తాడు. చూస్తే నాకే దణ్ణం పెట్టాలనిపించింది! అలాంటి మనిషికి కళ్లు తిరుగుతాయా? నాకు తిరుగుతున్నాయంటే లోపం నాదే కదా!

"ఏందయ్యా, గోడ వట్టుకొని నడుస్తున్నవ్? ఉపేంద్రకు జెప్పినవా?" అంది మా ఆవిడ రెబెక్క.

"రికార్డుల మంచిగనే ఉన్న గదనే!"

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు. రాస్తారోకోలో నేనూ కూర్చున్నాను. జై తెలంగాణ అంటూ లేవబోయి దబ్బున పడ్డాను.

"పెద్దమనిషి ఉపాసమున్నడు రా! పానం ఇస్తున్నడు!" అని కుర్రాళ్లు కండువా కప్పి ఎత్తుకున్నారు.

"ఉపాసమైతే చేతుల గీ మిర్చీ పొట్లం ఏంది?" అన్నాడొకడు. ఉద్యమంలో నా కీర్తి అక్కడితో సరి!

దవాఖానలో డాక్టరమ్మ, రెబెక్క తెచ్చిన సంచి కుమ్మరించి రెండు మాత్రల అట్టలు పక్కపక్కన పెట్టింది. ఒకటి ఎల్బీనగర్ డాక్టరు రాసింది, ఇంకోటి మా ఆఫీసు డాక్టరు రాసింది. పేర్లే వేరు, మందు ఒకటే. బీపీ మాత్ర రెట్టింపు మింగుతున్నాను! రెండూ ఉపేంద్ర దగ్గర కొన్నవే.

"ఇంకిన్ని రోజులు ఇట్లనే మింగితే లేచేటోళ్లు కాదు" అందామె.

తేరుకుని షాపుకి వెళ్లి జరిగింది చెప్పాను. ఉపేంద్ర మొహం పాలిపోయింది.

"పడ్డానని ఎక్కడా అనకండి బాబాయ్! రికార్డులో ఆ పూట మీరు ఇక్కడే ఉన్నారు. రివ్యూ అయింది, క్లెయిమ్ కూడా వెళ్లిపోయింది."

"అట్లనా! ఏం మాట్లాడుకున్నం బిడ్డా?"

చదివి వినిపించాడు. మందులన్నీ చూపించమన్నాడట. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తున్నారా అని అడిగాడట. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అని కూడా అడిగాడట! లేదన్నాడట ఆ కొమరయ్య.

ఎంత చక్కటి ప్రశ్నలు! మీరే చెప్పండి, నాకు కుళ్లు పుట్టదా? ఏ జబ్బూ లేని ఆ కొమరయ్యకి నెలనెలా కుర్చీ వేసి, ఇంత ప్రేమగా అడుగుతున్నాడే!

ఆ రికార్డు కొమరయ్య చల్లగా ఉండాలి. నాకేం అభ్యంతరం లేదు. ఆయన లేచాక, ఆ కుర్చీ ఒక్కసారి ఇటు జరిపితే చాలు.