చిరతాకి మైనస్ పదకొండు

నవ్వనంటే చెప్తాను. పెళ్లయిన నాటి నుంచి మా ఆవిడ తటిని నాచేత రోజూ పరగడుపున చిరతా నీళ్లు తాగిస్తోంది. ఆ మూలిక ఎండుపుల్లలు నానబెట్టిన పచ్చి చేదు. ఆ గ్లాసు పడ్డాక మధ్యాహ్నం పులసలాంటి ఇలిష్ చేప తిన్నా పుల్ల నమిలినట్టే ఉంటుంది. నది ఒడ్డునున్న మా ఊరు చుంచుడాలో ఇలిష్ కాలం ఎన్నాళ్లుంటుంది గనక! ఈ ఏడైనా దాని రుచి తెలిసేలా తినాలని నా కోరిక.

నా ఉద్యోగం నది అవతల ప్రయోగశాలలో. మొక్కల్లోని పదార్థాలని కంప్యూటర్లోనే వైరస్‌కి అతికించి, ఏది గట్టిగా పట్టుకుంటుందో చూడటం. అందులోంచే పుట్టింది నా పథకం.

"తటినీ, జ్వరాల కాలం కదా. ఏం తాగాలో కంప్యూటర్‌నే అడుగుదాం. ఫస్టొచ్చిందే తాగుతా, ఒట్టు."

"ఎవరి మీద?"

"మీ మేనత్త మీద."

"చెల్లదు. ఇలిష్ మీద వెయ్యండి."

వేశాను.

న్యాయంగా కనబడాలని చిరతా, నేలవేము, వేప, కాకర పెట్టి, నా మనిషిగా ఖర్జూర బెల్లాన్ని నిలబెట్టాను. రెండు రోజులకి ఫలితం వచ్చింది. చిరతాకి మైనస్ పదకొండు. నేలవేముకి మైనస్ పది, వేపకి మైనస్ తొమ్మిదిన్నర, కాకరకి మైనస్ ఎనిమిది. బెల్లానికి మైనస్ నాలుగు.

చిరతాయే ఫస్టు. మా లెక్కలో మైనస్ ఎంత కిందికి దిగితే పట్టు అంత గట్టి. కానీ బడిలో చరిత్ర చెప్పుకునే మా ఆవిడకి ఆ సంగతేం తెలుసు? మొహం గంభీరంగా పెట్టుకుని ఇంటికెళ్లాను.

"పాపం, మీ చిరతా అట్టడుగున ఉంది. బెల్లం ఒక్కటే కాస్త పరువు నిలబెట్టుకుంది."

ఆవిడ కాగితం చూసింది. అల్మారాలోంచి నా థీసిస్ తీసి దుమ్ము దులిపింది.

"పెళ్లయిన కొత్తలో సినిమా చూపిస్తానని చెప్పి నాచేత ఇది టైపు చేయించారు, గుర్తుందా? నలభై ఒకటో పేజీ. మైనస్ ఎంత పెరిగితే పట్టు అంత గట్టి. ఈ ఒక్క వాక్యం మీరు ఏడుసార్లు మార్చారు. ఏడుసార్లూ నేనే కొట్టాను."

"ఆ సినిమా..."

"ఇంకా చూళ్లేదు."

థీసిస్ మూసేశాను. అయినా శాస్త్రవేత్తని, అంత తేలిగ్గా ఒప్పుకుంటానా?

"ఇదంతా కంప్యూటర్ ఊహే! ఇక్కడ గెలిచినవి చాలామటుకు బయట చతికిలబడతాయి. బతికున్న ప్రాణి మీద చూడందే ఏదీ మందు కాదు."

"అది నలభై రెండో పేజీ," అంది తాపీగా.

మర్నాడు పొద్దున్నే బల్ల మీద మూడు గ్లాసులు, నంబర్లు వేసి ఉన్నాయి. చిరతా, నేలవేము, వేప. పక్కన నోటుబుక్కూ పెన్సిలూ. బతికున్న ప్రాణి కుర్చీలో కూర్చుని మూడూ తాగింది.

మధ్యాహ్నం ఆవపిండి పెట్టి ఇలిష్ వండింది. వాసన వీధి చివరిదాకా వెళ్లింది.

"ఎలా ఉంది?" అంది.

"చేదుగా."

నోటుబుక్కు తెరిచి రాసుకుంది. "పట్టు గట్టిగానే ఉంది," అని నా ముక్క తన పళ్లెంలో వేసుకుంది.