పస్తు కుండీలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి మేడెక్కి పన్నెండు టమాటా మొక్కలను కొలవాలి. పదింటికి డైరెక్టరుగారు వస్తే చూపించాలి. ఆ తర్వాత రోజంతా కాస్త గర్వంగా తిరగాలి.

ఆమె పంటల పరిశోధనశాలలో శాస్త్రవేత్త. మొక్కల వేళ్లను అంటిపెట్టుకుని బతికే మంచి బాక్టీరియా మీద మూడేళ్లుగా పని చేస్తోంది. అవి వేరు ఇచ్చే తీపి తిని, బదులుగా మట్టిలో చిక్కుకున్న పోషకాలను విడదీసి వేరుకు అందిస్తాయి. ఎరువు సగానికి తగ్గించినా మొక్క కళకళలాడుతుందని ఆమె నమ్మకం. ఆఫీసులో మొక్కలు పెంచే గాజుగది కప్పు మరమ్మతులో ఉండటంతో కుండీలు ఇంటి మేడ మీదికి చేరాయి. కుడివైపు ఆరింటికి బాక్టీరియా ద్రవం, ఎడమవైపు ఆరింటికి ఉత్త నీళ్లు. తేడా కనిపిస్తే పని రైతుల పొలాల్లోకి వెళ్తుంది, లేకపోతే ఫైలు మూసేస్తామని డైరెక్టరుగారు నవ్వుతూనే చెప్పారు.

నెల తిరిగేసరికి తేడా బ్రహ్మాండంగా కనిపించింది. ఆ ధైర్యంతోనే నీళ్లు పోసే పని అత్తగారికి అప్పగించి, కోడలు మూడు వారాల శిక్షణకు వెళ్లి నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది.

కొలబద్దతో మేడెక్కిన మనిషి అక్కడే చతికిలబడింది. ఎడమవైపు మొక్కలు కుడివైపు వాటికంటే రెండంగుళాలు ఎత్తుగా ఉన్నాయి.

"ఏవండీ, ఒకసారి పైకి రండి."

భర్త నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "బాగానే ఉన్నాయిగా?"

"అదే గొడవ. ఆ ఆరూ బాగుండకూడదు."

"లేబుళ్లు తారుమారై ఉంటాయిలే."

ఆ మాటతో ఆమెకు తన మీదే అనుమానం వచ్చి, పాత ఫొటోలు వెతకడానికి కిందికి పరిగెత్తింది. భార్య కష్టం చూడలేని భర్త ఈలోగా అటువైపు లేబుళ్లు ఇటు, ఇటువి అటు అంటించేశాడు. అతను ముఖం కడుక్కోవడానికి దిగగానే అత్తగారు నీళ్లడబ్బాతో ఎక్కారు. గాలికి ఊడిపడితే ఎవరో తప్పుగా అంటించారనుకుని, ఓపిగ్గా సరిచేయడం మొదలుపెట్టారు. సగంలో కింద కుక్కర్ కూసింది, ఆవిడ దిగారు. మళ్లీ వచ్చిన భర్త, పని సగమే చేశాను కాబోలనుకుని మిగతావి కూడా మార్చాడు.

పాత లేబుళ్లు సరైనవేనని ఫొటోల్లో తేల్చుకుని కోడలు పైకి వచ్చేసరికి ఒక కుండీకి రెండు లేబుళ్లున్నాయి, ఇంకోదానికి ఒక్కటీ లేదు. అప్పుడే, చెప్పిన వేళకు ముందే, కింద బెల్లు మోగింది.

డైరెక్టరుగారు కుండీల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "ఏమ్మా, బాక్టీరియా వేసినవి ఏవి?"

భర్త వెనకనుంచి కనుబొమలతో పొడుగు మొక్కల వైపు చూపిస్తున్నాడు. అవే అని ఒక్క మాటంటే ఫైలు బతుకుతుంది. మూడేళ్ల కష్టం ఆమె కళ్లముందు తిరిగింది.

"కుడివైపువి సార్. కానీ ఎడమవైపువి ఎందుకిలా పెరిగాయో నాకు తెలియదు."

మంచినీళ్ల గ్లాసుతో వచ్చిన అత్తగారు ఆగిపోయారు. "నాకు తెలుసు. నేనే పోశాను."

"ఏం పోశారత్తయ్యా?"

"ఫ్రిజ్‌లో నీ సీసాలోదే. ఆరుగురికి పెట్టి ఆరుగురిని పస్తుంచుతామా అమ్మాయ్? రోజూ ఆ బక్కదాని మొహం చూస్తే నాకు ముద్ద దిగలేదు. అందుకే వాటికి తలో రెండు చెంచాలు, బాగున్నవాటికి ఒకటి."

కోడలు కళ్లు మూసుకుంది. డైరెక్టరుగారు మాత్రం అందుకున్న గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశారు. "ఎప్పటినుంచి పోశారమ్మా? గుర్తుందా?"

"గుర్తెందుకు? రాసుకున్నాగా."

అత్తగారు ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. కొలత రాయకుండా ఏ పనీ ముట్టుకోరు. కిందినుంచి గోడ క్యాలెండర్ తెచ్చి చూపించారు. బీపీ మాత్ర గుర్తు పక్కనే, తేదీ వారీగా, టేపుతో కొలిచిన లెక్కలున్నాయి. బక్కది, గూనిది, సిగ్గరిది అంటూ పన్నెండింటికీ పేర్లు, ఎత్తు, కాండం చుట్టుకొలత, వేసిన చెంచాలు. ఒక్క రోజు తప్పలేదు.

డైరెక్టరుగారు నిలబడే ఆ మూడు వారాల లెక్కలూ చదివారు. "రైతు మొక్క పాలిపోయాకే మన దగ్గరకొస్తాడు. ఆలస్యంగా వేస్తే తేరుకుంటుందా అంటే నీళ్లు నములుతాం. ఇది రుజువు అనను కానీ, పొలంలో మొదలుపెట్టడానికి చాలు." ఫైలు తీసి అక్కడే సంతకం పెట్టారు.

కోడలు సంతోషం పట్టలేక అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. "నా టేపు నలుగుతోందే," అన్నారావిడ, విడిపించుకోకుండానే.

మరుసటి వారం కొత్త ప్రయోగం మొదలైంది. ఈసారి ఉత్త నీళ్ల కుండీలు ఆరింటినీ కోడలు పక్కింటి మేడ మీద పెట్టించి, తలుపుకు తాళం వేసి, తాళంచెవీ నీళ్లు పోసే పనీ అక్కడి పెద్దావిడకు అప్పగించి నిశ్చింతగా ఆఫీసుకు వెళ్లింది. ఆవిడ ఆరుగురు పిల్లల్ని ఒక్క పూటా పస్తుంచకుండా పెంచిన మనిషి.